వారసత్వం ఎవరిది?

2021లో పంజ్‌షీర్ లోయలో తాలిబన్లను ఎదిరించిన అహ్మద్ మసూద్, తండ్రి అహ్మద్ షా మసూద్ అడుగుజాడల్లో నడిచాడని చదివినప్పుడు నాకు మన గోదావరి మన్యంలోని రంప గుర్తుకు వచ్చింది. తిరుగుబాటు రక్తంలో వస్తుందా?

రంప మన్సబుదారు రామభూపతి దేవు కొండ దిగి పల్లపు గ్రామాలను పట్టుకున్నవాడు. 1813లో కంపెనీ అతనితో రాజీపడి సనదు ఇచ్చింది. 1848లో గద్దెనెక్కిన కొడుకుకు తండ్రి గద్దె దక్కింది గాని తెగువ దక్కలేదు. కంపెనీ అండతో అతను కొండజనాన్ని పన్నులతో పీడించాడు. చివరకు కల్లుగీతపై చిగురుపన్ను పెరిగేసరికి 1879 మార్చిలో రంప భగ్గుమంది. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య ముందు నిలిచారు. తిరుగుబాటును అణచిన తెల్లదొరలే మన్సబును కూడా రద్దు చేశారు.

1922లో ఆ కొండల్లో మళ్లీ విల్లు ఎక్కుపెట్టిన అల్లూరి సీతారామరాజు ఏ మన్సబుదారు కొడుకూ కాడు, తండ్రి ఫోటోగ్రాఫరు. అయినా అడవి ఆంక్షలతో, రోడ్డుపనుల వెట్టితో నలిగిన జనం అతని వెంట నడిచారు.

తండ్రి బాట పట్టిన కొడుకుల కథలు మనం రాయాల్సిందే. కాని ఆ బాట వేసిన జనాన్ని వదిలేస్తే అది చరిత్ర కాదు, వంశావళి.