డెక్కన్ ఛార్జర్స్ చెదిరిపోకుండా ఉంటే: 2011 వేలం నేపథ్యంలో జట్టు కొనసాగింపుపై ఒక పరిశీలన

ప్రవేశిక

2009 మే 24న జొహన్నెస్‌బర్గ్‌లోని వాండరర్స్ మైదానంలో జరిగిన ఇండియన్ ప్రీమియర్ లీగ్ రెండో ఫైనల్లో డెక్కన్ ఛార్జర్స్ జట్టు రాయల్ ఛాలెంజర్స్ బెంగళూరుపై 6 పరుగుల తేడాతో గెలిచి విజేతగా నిలిచింది. ముందటి ఏడాది ఆడిన 14 మ్యాచుల్లో రెండింటిని మాత్రమే గెలిచి పట్టికలో అట్టడుగున మిగిలిన జట్టు ఏడాది తిరిగేసరికి కప్పు అందుకోవడం ఎంత అబ్బురమో, ఆ విజయం దక్కిన తర్వాత రెండేళ్లయినా నిండకుండానే 2011 జనవరి వేలానికి ముందు యాజమాన్యం ఒక్క ఆటగాణ్ణి కూడా అట్టిపెట్టుకోకుండా జట్టునంతటినీ వదులుకోవడం అంతే విచారకరం. ఆ జట్టు కలిసికట్టుగా కొనసాగి ఉంటే మరికొన్ని కప్పులు గెలిచేదా అన్న ప్రశ్నను అభిమానుల బాధగా కొట్టిపారేయకుండా, అందుబాటులో ఉన్న ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్నకు జగ్గయ్యపేట, నందిగామ వంటి మెట్ట ప్రాంతాలతో ప్రత్యేకమైన సంబంధం ఉంది. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న ఈ పట్టణాలు అప్పటి కృష్ణా జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో రంజీ ట్రోఫీకి హైదరాబాద్, ఆంధ్ర అనే రెండు వేర్వేరు క్రికెట్ సంఘాలు ఉండేవి కనుక, రాకపోకల్లో హైదరాబాద్‌తో ముడిపడిన ఈ ప్రాంతపు కుర్రవాడు క్రికెట్‌లో మాత్రం ఆంధ్ర జట్టుకే చెందేవాడు. హైదరాబాద్‌కు ఆడిన లక్ష్మణ్, ప్రజ్ఞాన్ ఓఝా, తిరుమలశెట్టి సుమన్‌లను, ఆంధ్రకు ఆడిన విశాఖపట్నం ఆటగాడు వేణుగోపాలరావును ఒకే చొక్కా కిందికి తెచ్చిన జట్టు డెక్కన్ ఛార్జర్స్. రెండు సంఘాల పరిధుల్లోని ప్రేక్షకులూ తమదిగా భావించగలిగిన జట్టు చెదిరిపోవడం కాబట్టి దీన్ని ఒక వ్యాపార నిర్ణయంగా చూసి వదిలేయడానికి వీల్లేదు.

పరిశీలనా పద్ధతి

జరిగినదాన్ని ఒక్క చోట మార్చి, ఆ మార్పువల్ల తర్వాతి పరిణామాలు ఎలా ఉండేవో తర్కించే పద్ధతిని చరిత్రకారులు ప్రతివాస్తవ విచారణ అంటారు. ఈ పద్ధతిలో ఊహకు హద్దులు పెట్టేవి రెండు: మార్చిన అంశం ఆనాటి నిబంధనల ప్రకారం నిజంగా సాధ్యమై ఉండాలి, పర్యవసానాన్ని అదే కాలంలో అదే నిబంధనల కింద నడిచిన ఇతర జట్ల అనుభవంతో సరిపోల్చాలి. అందువల్ల ఇక్కడ ముందుగా విజేత జట్టు నిర్మాణాన్ని, తర్వాత వేలం నిబంధనలను, ఆపైన ఇతర జట్ల ఉదాహరణలను వరసగా పరిశీలించడం జరుగుతుంది.

విజేత జట్టు నిర్మాణం

2009లో ఛార్జర్స్ బలం ప్రధానంగా ముగ్గురు విదేశీ బ్యాట్స్‌మెన్ మీద, ముగ్గురు భారతీయ యువకుల మీద నిలబడింది. కెప్టెన్ ఆడమ్ గిల్‌క్రిస్ట్ ఆ సీజన్‌లో 495 పరుగులు చేశాడు. సెంచూరియన్‌లో ఢిల్లీ డేర్‌డెవిల్స్‌తో జరిగిన సెమీఫైనల్లో 35 బంతుల్లో 85 పరుగులు చేసి మ్యాచ్‌ను దాదాపు ఒంటిచేత్తో ముగించాడు. ఫైనల్లో అతడు సున్నాకే వెనుదిరిగినప్పుడు హెర్షెల్ గిబ్స్ 53 పరుగులతో అజేయంగా నిలిచి స్కోరును 143కు చేర్చాడు. ఆండ్రూ సైమండ్స్ బ్యాటుతోనూ బంతితోనూ ఆదుకున్నాడు. రెండో వర్గంలో ఎడమచేతి పేసర్ ఆర్పీ సింగ్ 23 వికెట్లతో, అత్యధిక వికెట్లు తీసినవారికి ఇచ్చే పర్పుల్ క్యాప్ అందుకోగా, రోహిత్ శర్మ బ్యాటింగ్‌తో పాటు ముంబై ఇండియన్స్‌పై హ్యాట్రిక్ సాధించాడు. ఓఝా ఫైనల్లో మూడు వికెట్లు తీశాడు.

ఈ రెండు వర్గాల వయసులను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఫైనల్ నాటికి గిల్‌క్రిస్ట్‌కు 37, గిబ్స్‌కు 35, సైమండ్స్‌కు 33 ఏళ్లు కాగా, ఆర్పీ సింగ్‌కు 23, ఓఝాకు, రోహిత్‌కు 22 ఏళ్లు. అంటే కప్పు తెచ్చిన పరుగుల్లో పెద్ద వాటా ఆటజీవితం చివరి దశలో ఉన్నవారిది. ముందుముందు పెరగగల శక్తి మాత్రం కుర్రవాళ్లది. పైగా తుది జట్టులో నలుగురు విదేశీయులకు మించి ఆడకూడదన్న నిబంధన వల్ల, తగ్గిపోతున్న ఒక విదేశీ ఆటగాడి స్థానంలో మరొకరిని వెతుక్కోవడం సులువే కానీ, నికరంగా రాణించే భారతీయ ఆటగాడు చేజారితే ఆ లోటు పూడ్చుకోవడం చాలా కష్టం.

2010 సీజన్ ఇచ్చిన సాక్ష్యం

జట్టు కలిసి ఉంటే ఏమయ్యేదో కొంతమేరకు చూపించే సీజన్ ఒకటుంది. 2010లో విజేత జట్టు ప్రధాన సభ్యులంతా కొనసాగారు. తెలంగాణ ఉద్యమ నేపథ్యంలో హైదరాబాద్‌లో మ్యాచులు జరగకపోవడంతో నాగ్‌పూర్, కటక్, నవీ ముంబై మైదానాలనే సొంత మైదానాలుగా చేసుకోవలసి వచ్చింది. అంతకుముందు సీజన్ దేశంలో సార్వత్రిక ఎన్నికల కారణంగా పూర్తిగా దక్షిణాఫ్రికాలోనే జరిగింది గనుక, సొంత ప్రేక్షకుల మద్దతు ఆ జట్టుకు వరసగా రెండేళ్లు దక్కలేదు. అయినా 14 లీగ్ మ్యాచుల్లో 8 గెలిచి పట్టికలో రెండో స్థానం సాధించింది. 2009లో 7 విజయాలతో నాలుగో స్థానంలో ఉండి సెమీస్ చేరిన సంగతి గుర్తుంచుకుంటే, లీగ్ దశలో ఇది మెరుగైన ఫలితమే. ఓఝా 21 వికెట్లతో పర్పుల్ క్యాప్ గెలుచుకోగా, రోహిత్ 404 పరుగులు చేశాడు. సెమీఫైనల్లో మాత్రం చెన్నై సూపర్ కింగ్స్ 142 పరుగులకే పరిమితమైనా, ఛార్జర్స్ 104కే కుప్పకూలింది.

ఈ సీజన్ నుంచి రెండు నిర్ధారణలు చేయవచ్చు. కొనసాగింపు వల్ల జట్టు నిలకడ పెరిగింది. నాకౌట్ మ్యాచుల్లో ఒంటిచేత్తో గెలిపించే పాత బలం మాత్రం అదే స్థాయిలో మిగల్లేదు.

2011 వేలం లెక్క

2011 వేలానికి ముందు ప్రతి ఫ్రాంచైజీకి, అంటే లీగ్‌లో జట్టును నడిపే హక్కు కొనుక్కున్న సంస్థకు, గరిష్ఠంగా నలుగురిని అట్టిపెట్టుకునే వెసులుబాటు ఉండేది. వారిలో భారతీయులు ముగ్గురికి మించకూడదు. ఆటగాళ్ల కొనుగోలుకు ప్రతి జట్టుకూ నిర్ణయించిన గరిష్ఠ మొత్తం 90 లక్షల డాలర్లు. మొదటి ఆటగాణ్ణి ఉంచుకుంటే అందులోంచి 18 లక్షలు, రెండోవాడికి 13 లక్షలు, మూడోవాడికి 9 లక్షలు, నాలుగోవాడికి 5 లక్షలు తగ్గించేవారు. నలుగురినీ ఉంచుకుంటే సగం సొమ్ము వాళ్లకే పోతుంది. ఈ లెక్క చూసే ఛార్జర్స్ యాజమాన్యం చేతిలో మొత్తం సొమ్ముతో వేలానికి వెళ్లే దారిని ఎంచుకుందని భావించవచ్చు.

అయితే వేలంలో తేలిన ధరలు ఆ ఎంపికను సమర్థించవు. రోహిత్‌ను ముంబై ఇండియన్స్ 20 లక్షల డాలర్లకు కొనుక్కుంది. అతణ్ణి మొదటి ఆటగాడిగా ఉంచుకుని ఉంటే తగ్గేది 18 లక్షలే. ఓఝాను ఛార్జర్సే 5 లక్షలకు తిరిగి కొన్నది. రోహిత్, ఓఝాలిద్దరినీ ముందే ఉంచుకుని ఉంటే ఖర్చు 31 లక్షలు. వేలంలో వారిద్దరి ధర కలిపితే 25 లక్షలు. అంటే ఇద్దరు యువకుల కొనసాగింపుకు అదనంగా పడే భారం 6 లక్షల డాలర్లే. అదే వేలంలో ఛార్జర్స్ డేల్ స్టెయిన్‌కు 12 లక్షలు, కామెరాన్ వైట్‌కు 11 లక్షలు వెచ్చించింది. స్టెయిన్ ఆ ధరకు తగిన బౌలరే; అయితే ఒక విదేశీ బ్యాట్స్‌మన్‌కు 11 లక్షలు పెట్టగలిగిన జట్టుకు రోహిత్‌ను నిలుపుకునే స్తోమత లేదనడం సరికాదు.

కుమార సంగక్కర నాయకత్వంలో కొత్త జట్టు 2011లో 14 మ్యాచుల్లో 6 గెలిచి ఏడో స్థానంలో, 2012లో 4 విజయాలతో ఎనిమిదో స్థానంలో నిలిచింది. రోహిత్ ముంబై కెప్టెన్‌గా 2013, 2015, 2017, 2019, 2020 సంవత్సరాల్లో ఐదు కప్పులు అందుకున్నాడు.

ఇతర జట్ల అనుభవం

ఒకే నిబంధన కింద ఇతర జట్లు ఎంచుకున్న దారులు ఈ విచారణకు కొలమానాలు. చెన్నై ధోనీ, రైనాలతో సహా నలుగురిని ఉంచుకుని, 2010లో గెలిచిన కప్పును 2011లోనూ నిలబెట్టుకుంది. ముంబై సచిన్, హర్భజన్, మలింగ, పొలార్డ్‌లను ఉంచుకుని, రోహిత్‌ను వారికి జతచేసి 2013లో తొలి కప్పు గెలిచింది. మరోవైపు రాజస్థాన్ రాయల్స్ ఇద్దరిని, ఢిల్లీ సెహ్వాగ్‌ను ఉంచుకున్నా ఆ దశకంలో కప్పు గెలవలేకపోయాయి. ఒక్కరినీ ఉంచుకోని కోల్‌కతా నైట్ రైడర్స్ గంభీర్ సారథ్యంలో 2012, 2014లో విజేతగా నిలిచింది. కాబట్టి ఆటగాళ్లను అట్టిపెట్టుకోవడం ఒక్కటే విజయానికి చాలదు, అది లేకుంటే విజయం అసాధ్యమూ కాదు. ఎవరిని ఏ వయసులో ఉంచుకున్నారు, వారి వెనుక ఎంత స్థిరమైన నిర్వహణ ఉంది అన్నవే నిర్ణాయకాలు.

ఈ వయసు వాదానికి బాస్కెట్‌బాల్‌లో ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. అమెరికాలోని ఓక్లహోమా సిటీ థండర్ జట్టు 2012లో కెవిన్ డ్యూరాంట్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్, జేమ్స్ హార్డెన్‌లతో ఫైనల్ చేరి, మయామీ హీట్ చేతిలో 4–1 తేడాతో ఓడింది. జీతాల మొత్తం ఒక హద్దు దాటితే జరిమానా పన్ను పడే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో, హార్డెన్‌తో జీతం విషయంలో ఒప్పందం కుదరక అదే అక్టోబర్‌లో అతణ్ణి హ్యూస్టన్ రాకెట్స్‌కు ఇచ్చేసింది. 2016లో డ్యూరాంట్ కూడా వెళ్లిపోయాడు. ఆ ముగ్గురూ తర్వాత వేర్వేరు సంవత్సరాల్లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం పొందారు. ఫైనల్ నాటికి వారందరి వయసు 22, 23 ఏళ్లే గనుక, కలిసి ఉంటే కప్పు గెలిచేవారన్న వాదనకు అక్కడ గట్టి పునాది ఉంది. ఛార్జర్స్ విషయంలో ఆ పునాది జట్టు మొత్తానికి కాక యువకుల వర్గానికే వర్తిస్తుంది.

కలిపి ఉంచిన సంస్థ: హైదరాబాద్ పోలీసు ఫుట్‌బాల్ జట్టు

జట్టు కలిసి ఉంటే సాధించగలిగేది ఎంతో తెలుసుకోవడానికి హైదరాబాద్ చరిత్రలోనే నిదర్శనం ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకుంది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి ఆటగాళ్లకు పోలీసు కొలువు ఉండేది, శిక్షకుడు మారలేదు. ఆటగాణ్ణి ఊరికి కట్టి ఉంచే స్థిరమైన ఆధారం అక్కడ ఉంది. ఆ తర్వాతి కాలంలో కలకత్తా క్లబ్బుల ఆకర్షణ బలపడినప్పుడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఆంధ్రప్రదేశ్ 1965–66లో సంతోష్ ట్రోఫీ గెలిచిన వెంటనే హబీబ్, నయీముద్దీన్‌లు కూడా అదే దారి పట్టారు. అవిభక్త రాష్ట్రానికి ఆ ట్రోఫీ మళ్లీ దక్కలేదు.

డెక్కన్ ఛార్జర్స్‌కు లోపించింది ఇలాంటి సంస్థాగత స్థిరత్వమే. 2008లో లక్ష్మణ్, 2009లో గిల్‌క్రిస్ట్, 2011లో సంగక్కర కెప్టెన్లుగా వచ్చారు. మాతృసంస్థ డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ ఆర్థిక ఇబ్బందుల్లో కూరుకుపోగా, 2012 సెప్టెంబర్‌లో భారత క్రికెట్ బోర్డు ఫ్రాంచైజీ ఒప్పందాన్ని రద్దు చేసింది. తర్వాతి నెలలో హైదరాబాద్ జట్టు హక్కులు సన్ టీవీ నెట్‌వర్క్‌కు దక్కాయి. రోహిత్‌ను ఉంచుకుని ఉన్నా, జట్టు ఉనికే ప్రశ్నార్థకమైన స్థితిలో అతడి ఎదుగుదల పూర్తి ఫలితం ఈ నగరానికి దక్కేదని చెప్పలేం. అదే ఫ్రాంచైజీ స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్, స్థిరమైన యాజమాన్యం కింద 2016లో డేవిడ్ వార్నర్ నాయకత్వంలో కప్పు గెలవడం ఈ అభిప్రాయాన్ని బలపరుస్తుంది.

ఉపసంహారం

2009 విజేత జట్టు యథాతథంగా కొనసాగి ఉంటే మరో కప్పు గెలిచేదన్న వాదన వయసుల లెక్క ముందు నిలవదు. రోహిత్, ఓఝాలను కేంద్రంగా చేసుకుని, ఆర్పీ సింగ్‌ను వేలంలో తిరిగి తెచ్చుకుని, తరలిపోతున్న విదేశీ సీనియర్ల స్థానంలో స్టెయిన్ వంటి వారిని చేర్చుకుని ఉంటే మాత్రం, స్థిరమైన యాజమాన్యం ఉందన్న షరతు మీద, ఆ జట్టు తర్వాతి దశాబ్దంలో కనీసం మరొక కప్పుకు గట్టి పోటీదారై ఉండేది. అందుకు తగిన సొమ్మూ నిబంధనా రెండూ 2011 జనవరిలో ఛార్జర్స్ చేతిలోనే ఉన్నాయి. లేనిది ముందుచూపు, ఆర్థిక స్థిరత్వం.

ఈ పాఠం పెద్ద నగరాల జట్లకే పరిమితం కాదు. విజయవాడ నుంచి వస్తూ ఇబ్రహీంపట్నం దాటాక హైదరాబాద్ రహదారి పక్కనున్న మూలపాడులో ఆంధ్ర క్రికెట్ సంఘం మైదానం 2016లో భారత్, వెస్టిండీస్ మహిళల వన్డే మ్యాచులకు వేదికైంది. నందిగామ, జగ్గయ్యపేట కుర్రవాళ్లకూ అమ్మాయిలకూ ఆట ఇప్పుడు దగ్గరలోనే ఉంది. ఒక బృందాన్ని పదహారేళ్ల వయసులో గుర్తించి, చదువో ఉద్యోగమో ఆధారంగా చూపి ఇరవై అయిదేళ్లు వచ్చేవరకు కలిపి ఉంచగలిగిన పాఠశాల, కళాశాల, సంఘం ఈ ప్రాంతంలో ఉండాలి. అలాంటి వ్యవస్థ లేనిచోట ప్రతిభ ఎంత పుట్టినా దాని ఫలితం మరో ఊరికే చెందుతుందని డెక్కన్ ఛార్జర్స్ చరిత్ర, అంతకుముందు హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర రెండూ రుజువు చేస్తున్నాయి.