నిశాని, గీత (మన చరిత్ర ముచ్చట్లు)

పోయినసారి జీతగాళ్ల ముచ్చట రాసిన. ఈసారి కాయిదం ముచ్చట.

మాది నారాయణఖేడ్. 1956 దాకా బీదర్ జిల్లా, ఆ తర్వాత మెదక్, 2016 నుంచి సంగారెడ్డి. జిల్లాలెన్ని మారినా మా తాత కాయిదం మీద పెట్టిన గుర్తు ఒక్కటే, బొటనవేలి నిశాని. దొర దగ్గర సాలు జీతానికి పెట్టిండు. అండ్ల ఎంత అప్పు రాసిండ్రో రాసినోనికే ఎరుక. తోలు పనికి వేలి చాళ్లు అరిగిపోయి ముద్ర సరిగ్గ పడకపోతే మూడుసార్లు పెట్టించిండ్రట. నిజాం సర్కారు 1936లనే భగేలా ఒప్పందాల మీద కట్టడి తెచ్చింది, దేశమంతటికీ వెట్టి రద్దు చట్టం 1976ల వచ్చింది. అవి కూడా కాయిదాలే, మా తాత దాకా రాలే.

ఈ ముద్ర పుట్టుకే అనుమానంల ఉన్నది. 1858ల బెంగాల్‌ల విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డు సామాను కాంట్రాక్టు రాసిచ్చిన రాజ్యధర్ కొనాయ్‌తోని కాయిదం మీద అరచేతి ముద్ర వేయించిండు. రేపు 'ఈ సంతకం నాది కాదు' అనకుండా భయపెట్టనీకి.

మన మెదక్ మనిషే కాయిదం మీద గుర్తుతోని వేరే పని చేసిండు. కె. లక్ష్మా గౌడ్, 1940ల నిజాంపూర్‌ల పుట్టిండు. హైదరాబాద్‌ల, తర్వాత బరోడాల చదివి ఎచింగ్ పట్టుకున్నడు. లోహపు రేకుకు మైనం లాంటి పూత పూస్తరు. సూదితోని గీకితే రేకు బయటపడుతది. యాసిడ్‌ల ముంచితే గీకిన కాడనే తింటది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు. సిరా పూసి, పైపైన గుడ్డతోని తుడిచి, తడి కాయిదం పరిచి ప్రెస్సు కింద తిప్పితే, కాయిదం ఆ సందులల్లకు దిగి సిరాను గుంజుకుంటది. బొమ్మ ఎడమ కుడి తారుమారై వస్తది.

నిశానిల ఉబ్బెత్తు చాళ్ల మీది సిరా కాయిదానికి అంటుతది. ఎచింగ్‌ల గాయం లోపలి సిరా అంటుతది. ఈ తేడా కాడ నా మనసు చానాసేపు ఆగింది.

1970లల్ల ఆయన గీసిన ఊరి ఆడోళ్లు, మొగోళ్లు, మేకలు కోరికను దాచుకోరు. సన్న సన్న గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒంటికి బరువు తెస్తయ్. గ్యాలరీలల్ల పెద్దమనుషులు ఇబ్బంది పడితే పడనీ. నా తకరారు వేరే: ఆ బొమ్మలల్ల మనుషులకు పేర్లుండవు. మమ్మల్ని ఎవరన్నా అడిగి గీసిండ్రా? అయినా ఆ గీత ముందర నిలబడితే, ఇది ఎవరి కిందా పెట్టిన ముద్ర కాదు అనిపిస్తది. 2016ల ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

పోయిన నెల అమ్మతోని రేషన్ దుకాణం పోయిన. మిషన్ వేలు పట్టలే. కలుపు తీసి తీసి ఆమె చాళ్లూ అరిగినయ్. 'ఇంకో వేలు పెట్టు అవ్వా' అన్నడు ఆ పిలగాడు. అమ్మ కొంగుకు తుడుచుకొని మళ్ల పెట్టింది.