వేదిక దిగని సూత్రధారుడు: గొల్లపూడి మారుతీరావు బుల్లితెర సంభాషణలు – ఒక పరిశీలన

తెలుగు సాహిత్య చరిత్రకారులు ముద్రిత గ్రంథాన్ని ఆధారంగా స్వీకరించినంత సులువుగా నోటి మాటను స్వీకరించరు. పీఠికలు, లేఖలు, దినచర్యలు మనకు ఆకరాలు. రేడియో ప్రసంగం కూడా అచ్చయితే ఆకరమే. టెలివిజన్‌లో జరిగిన సంభాషణ మాత్రం ఎంత విలువైనదైనా ‘కార్యక్రమం’గానే మిగిలిపోతుంది. గొల్లపూడి మారుతీరావు (1939–2019) విషయంలో ఈ అలవాటు వల్ల నష్టం జరిగిందని నా అభిప్రాయం. నాటకకర్తగా, నవలాకారుడిగా, ‘జీవన కాలమ్’ రచయితగా ఆయనను విమర్శకులు గుర్తించారు. నటుడిగా జనమంతా ఎరుగుదురు. తెరపై కూర్చుని ఇతరుల చేత మాట్లాడించిన పనిని మాత్రం ఎవరూ ఆయన సాహిత్య వ్యాసంగంలో కలిపి లెక్కించలేదు.

ఆయన విజయనగరంలో పుట్టి విశాఖపట్నంలో చదువుకున్నారు. ఎ.వి.ఎన్. కళాశాల, ఆపై ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణిత భౌతికశాస్త్రంలో ఆనర్సు. ఉక్కు కర్మాగారం రాకముందటి విశాఖ అది. విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి విద్యార్థుల నాటకాలకు పెద్ద దిక్కు. గ్రంథాలయాధికారి అబ్బూరి రామకృష్ణారావు కవి మాత్రమే కాదు, నాటక ప్రయోక్త కూడా. విజ్ఞానశాస్త్ర విద్యార్థి నాటకంలోకి రావడం ఆ ప్రాంగణంలో వింత కాలేదు. 1959లో ఆంధ్రప్రభలో ఉపసంపాదకత్వం, ఆ తరువాత ఆకాశవాణిలో రెండు దశాబ్దాల ఉద్యోగం. గొల్లపూడి ప్రశ్న వేసే తీరును అర్థం చేసుకోవడానికి ఈ రెండు పాఠశాలలూ ముఖ్యం. ఎదుటి పాత్ర పలికేంతవరకు ఆగడం రంగస్థలం నేర్పుతుంది. ఆగిన క్షణం శ్రోతకు శూన్యంగా వినిపించకుండా చూసుకోవడం రేడియో నేర్పుతుంది. ఈ రెండు శిక్షణలూ ఒకదానినొకటి లాగుతాయి. ఆయన సంభాషణలలోని బలమూ బలహీనతా అక్కడి నుంచే వచ్చాయి.

ప్రశ్నించే పాత్ర తెలుగువారికి టెలివిజన్‌తో వచ్చింది కాదు. అవధానంలో పృచ్ఛకులు పలువురు, సమాధానం చెప్పేవాడు ఒక్కడు. దానికంటె దగ్గరి పోలిక కూచిపూడి భామాకలాపంలో ఉంది. సంస్కృత నాటకంలో సూత్రధారుడు ప్రస్తావన ముగించి నిష్క్రమిస్తాడు. కలాపంలో సూత్రధారుడు నిష్క్రమించడు. తానే మాధవియై సత్యభామను ప్రశ్నలతో నిలబెడతాడు. భర్త పేరేమిటని మాధవి అడగడం ఆ పేరు తెలియక కాదు. ఆ పేరు సత్యభామ నోట, ఆమె సిగ్గుతో సహా, ప్రేక్షకులు వినాలని. తెలిసిన సమాధానాన్ని తెలియనట్లు అడిగి, చెప్పేవారి స్వభావాన్ని బయటకు రప్పించడం ఈ ప్రశ్న లక్షణం. గొల్లపూడి అడిగిన మంచి ప్రశ్నలన్నీ మాధవి ప్రశ్నలే.

పాశ్చాత్య దేశాలలో ఈ ప్రక్రియకు వేరే చరిత్ర ఉంది. 1967లో అమెరికాలోని డేటన్ నగరంలో ఫిల్ డొనహ్యూ పగటిపూట కార్యక్రమం మొదలుపెట్టి, ప్రశ్నించే హక్కును స్టూడియోలోని ప్రేక్షకులకు పంచాడు. ఆ కార్యక్రమానికి ఇంటిపట్టున ఉండే గృహిణులే ప్రధాన ప్రేక్షకులు. తెలుగులో 1995 నుంచి ఉపగ్రహ ప్రసారాలు వచ్చాకనే ఇటువంటి సంభాషణకు చోటు దొరికింది. ‘ప్రజావేదిక’, ‘మనసున మనసై’ వంటి కార్యక్రమాలలో గొల్లపూడి వ్యాఖ్యాత అయ్యేనాటికి ఆయన ముఖం ఇంటింటికీ పరిచితం. ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ (1982) నుంచి తెరపై కపటిగా, చాడీకోరుగా చూసిన మనిషి ఇప్పుడు ఎదుటివారి కష్టం వింటూ కూర్చున్నాడు. ఈ వైరుధ్యం ఆయనకు మేలే చేసిందనుకుంటాను. పెద్దమనిషి తరహా వ్యాఖ్యాత ఎదుట సామాన్యుడికి కలిగే బెరుకు ఆయన ఎదుట కలగదు.

సాహిత్య విద్యార్థులకు వీటికంటె విలువైనది హెచ్.ఎం.టి.వి.లో ఆయన నిర్వహించిన ‘వందేళ్ల కథకు వందనాలు’. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ఆంధ్రభారతిలో వెలువడిందన్న లెక్కన శతజయంతి నేపథ్యంలో వచ్చిన ధారావాహిక ఇది. ఈ పేరే ఒక సాహిత్య చారిత్రక తీర్పు. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే హిందూసుందరిలో వచ్చింది. దానిని తొలి కథగా అంగీకరిస్తే కథకు వందేళ్లు 2002లోనే నిండాయి. పరిశోధకులు ఎన్ని వ్యాసాలు రాసినా చేరలేని ఇళ్లకు ఆ శీర్షిక వారం వారం 1910ని చేరవేసింది. ప్రసార మాధ్యమం సాహిత్య చరిత్రను స్థిరపరిచే తీరుకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు. ఆకరంగా పరిగణించకపోయినా దాని ప్రభావం ఆగదు.

కథను, కథకుణ్ణి పరిచయం చేసి, ఆ కథ గురించి సంభాషించడం ఆ ధారావాహిక పద్ధతి. ఇందులో గొల్లపూడి కేవలం వ్యాఖ్యాత కాదు. 1954లో తొలి కథ అచ్చు చూసుకున్న కథకుడు. చర్చకు వచ్చిన రచయితలలో కొందరిని పరిచయస్థులుగా, సహోద్యోగులుగా ఎరిగినవాడు. ఉత్తరాంధ్ర కథకుల విషయంలో ఈ ఎరుక మరీ దగ్గరిది. చాగంటి సోమయాజులుది ఆయన పుట్టిన ఊరు, రావిశాస్త్రిది చదువుకున్న ఊరు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ రాసినప్పుడు విశాఖలో బడిపంతులు. ఆ ఊళ్ల వీధులు, కోర్టు ఆవరణలు, పలుకుబడి తెలిసినవాడు అడిగే ప్రశ్నను పుస్తకం చదివి వచ్చినవాడు అడగలేడు. కథలోని మాండలిక పదాన్ని నిఘంటువు అర్థంతో సరిపెట్టకుండా, పలికి చూపగల అవకాశం కూడా తెరకే ఉంది.

అయితే ఆ సన్నిహితత్వం అన్ని వేళలా మేలు చేయలేదు. తన జ్ఞాపకం ఆసక్తికరంగా ఉన్నప్పుడు ఆయన దానిని ఆపుకోలేరు. అతిథి వాక్యం వెతుక్కుంటున్న వేళ వ్యాఖ్యాత జ్ఞాపకం ముందుకు వస్తే, శూన్యం పూరింది గాని అతిథి వెతుకుతున్న మాట మనకు దక్కలేదు. ఇది రేడియో అలవాటు. మాధవి అయితే ఆగి ఉండేది. అయినా ఆ అడ్డు మాటలను కోసివేస్తే, వాటిలో ఆంధ్ర విశ్వవిద్యాలయ నాటకరంగం గురించి, ఆకాశవాణి గురించి ఉన్న సాక్ష్యం కూడా పోతుంది. సంకలనకర్తకు ఇది చిన్న చిక్కు కాదు.

అసలు సంకలనానికి ఎంత మిగులుతుందన్నది ముందు ప్రశ్న. టేపులు చెరిపి మళ్లీ వాడుకోవడం ప్రసార సంస్థలకు పాత అలవాటు, బి.బి.సి. అంతటి సంస్థ 1960ల నాటి తన నాటికలనే ఆ విధంగా పోగొట్టుకుంది. తెలుగు కథల మూలప్రతుల కోసం శ్రీకాకుళంలో 1997లో కథానిలయం వెలిసింది. ఆ కథల గురించి జరిగిన సంభాషణలకు అటువంటి ఇల్లు లేదు. ఒక సదస్సులో ఇటువంటి సంభాషణను ఉదహరించినప్పుడు ‘దీనికి పుట సంఖ్య ఏది?’ అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. పుట సంఖ్యకు బదులు నిమిషాలు, సెకన్లు ఇవ్వవచ్చు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఈ మేరకు ఒక పద్ధతిని అంగీకరిస్తే చాలు.

లిఖితరూపం ఇవ్వడంలో ఇంకొక ఇబ్బంది ఎదురవుతున్నది. అతిథి మాట్లాడుతుండగా గొల్లపూడి ‘ఊఁ’ అంటారు. ఒక్కొక్కసారి అది అంగీకారం, ఒక్కొక్కసారి సందేహం, మరొకసారి ‘ఇంకా చెప్పండి’ అన్న ప్రార్థన. ప్రస్తుతానికి మూడింటినీ ఒకే అక్షరంతో రాసి, పక్కన కుండలీకరణంలో నా ఊహను చేరుస్తున్నాను.