దుమ్ముగూడెం దగ్గర ఆగిన ఆవిరి

పర్ణశాలలో సీతవాగు ఒడ్డున ఒక బండ మీద సన్నని చారలుంటాయి. వనవాసంలో సీతమ్మ చీర ఆరేసుకున్న ఆనవాళ్లవని అక్కడి నమ్మకం. నేను వెళ్లిన రోజు ఎండ మండిపోతోంది. ఎంత వంగి చూసినా చారలు కళ్లకు ఆనలేదు. పసుపు కుంకుమ పొట్లాలు అమ్ముకునే ఒక అవ్వ లేచి వచ్చి, చెంబుతో వాగు నీళ్లు ముంచి బండ మీద పోసింది. "ఇప్పుడు చూడు బిడ్డా" అంది. తడి పాకినంత మేరా చారలు తేలాయి.

ఆ ఊళ్లో ఎవరిని అడిగినా మాయలేడి వచ్చిన దారి చెప్తారు. రావణుడి రథం ఆగిన చోటు నది అవతల గుట్ట మీద ఉందని వేలు పెట్టి చూపిస్తారు. త్రేతాయుగం నాటి చీర మరకను ఇంత పదిలంగా దాచుకున్న జనమంటే నాకు గౌరవం. అందుకే అక్కడి నుంచి కదలబోతూ దుమ్ముగూడెం ఆనకట్ట కథ అడిగాను. పర్ణశాలకు కాస్త దిగువన, ఇదే గోదావరి మీద, నూటయాభై ఏళ్ల కిందట కొందరు రాళ్లు చెక్కి, నీటికి మెట్లు కట్టి, సముద్రం దాకా ఆవిరి పడవలు నడపాలని చూసి ఓడిపోయారు. "తెల్లదొరలు కట్టిందంట" అన్నాడొకాయన. ఆ మాట దగ్గరే కథ ఆగిపోయింది.

ఆ కథకు మొదలు దిగువన, ధవళేశ్వరంలో ఉంది. అక్కడి ఆనకట్ట 1852లో పూర్తయింది. దాన్ని కట్టిన ఆర్థర్ కాటన్‌ను గోదావరి జిల్లాలు ఇవాళ్టికీ దేవుడిలా తలుచుకుంటాయి. కానీ ఆయనకు పొలాలకు నీళ్లివ్వడం సగం పనే. ఏ నీరు చేను తడుపుతుందో ఆ నీరే సరుకు మోయాలన్నది ఆయన పట్టుదల. దేశమంతా ఇనుప పట్టాల మోజులో ఉన్న కాలంలో, వాటికి పెట్టే డబ్బులో కొంత కాలువలకు పెడితే బీదవాడి బస్తా చౌకగా కదులుతుందని ఆయన వాదించాడు. ఆ వాదం ముసలితనం దాకా వదల్లేదు. 1878లో ఇంగ్లండు పార్లమెంటు సంఘం ముందు నిలబడి కూడా అదే చెప్పాడు. ఆయన కళ్ల ముందున్న పటంలో గోదావరి ఒక రాజమార్గం. కాకినాడ రేవు నుంచి ధవళేశ్వరం, పాపికొండలు, భద్రాచలం, సిరొంచ, అక్కడి నుంచి ప్రాణహిత మీదుగా వార్ధా పత్తి నేలల దాకా.

ఆ పటాన్ని నేల మీదికి దింపే భారం మద్రాసు ఇంజనీర్ల దళంలోని ఫెలిక్స్ థాకరే హేగ్ మీద పడింది. నదిని అడుగడుగునా కొలిచి, ఎక్కడ లోతు, ఎక్కడ ఇసుకమేట, ఎక్కడ రాతిపళ్లు అని రాసుకున్నవాడు ఆయన. దారిలో మూడు పెద్ద అడ్డంకులు తేలాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. రెండోది ఇంద్రావతి కలిసే చోటికి దిగువన ఇంచంపల్లి దగ్గర. మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. ఈ మూడు చోట్లా నది అడుగు రాతిమెట్లుగా దిగుతుంది. వానాకాలం వరద వాటిని ముంచేసి పడవను విసిరికొడుతుంది, ఎండాకాలం అవే రాళ్లు నీళ్లలోంచి నల్లగా లేచి నిలబడతాయి. పర్ణశాల రేవులో వేసవిలో నిలబడితే హేగ్ బాధేమిటో కొంత తెలుస్తుంది. ఇంత పెద్ద నది, మోకాలి లోతు పాయలుగా చీలి, ఇసుకలో దారి వెతుక్కుంటూ పోతుంటుంది.

దీనికి విరుగుడు లాకు. చూసినవాళ్లకు వివరం అక్కర్లేదు గానీ, కాలువ ఊళ్లలో పెరగని పాఠకుల కోసం చెప్తాను. రాతిపళ్ల పక్కగా కాలువ తవ్వుతారు. అందులో రెండు జతల తలుపుల మధ్య రాతి తొట్టిలాంటి గది కడతారు. కింది నుంచి వచ్చిన పడవ గదిలోకి రాగానే కింది తలుపులు మూస్తారు. పైనీరు మెల్లగా లోపలికి వదులుతారు. పడవ నీటితో పాటే లేచి, పై మట్టానికి వచ్చాక, పై తలుపుల్లోంచి సాగిపోతుంది. ఎద్దు లాగక్కర్లేదు, మనిషి మోయక్కర్లేదు. నదిని నదితోనే ఎక్కించడం. ఈ ఊహలోని అందం నన్ను ఎప్పుడూ వదల్లేదు.

పని ఊపందుకోవడానికి కారణం ఇక్కడ లేదు, మాంచెస్టర్‌లో ఉంది. అక్కడి మిల్లులు అమెరికా పత్తి మీద బతికేవి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలవగానే పత్తి ఆగిపోయింది, మిల్లులు మూతపడ్డాయి. బేరారు పత్తి, హింగన్‌ఘాట్ పత్తి ఒక్కసారిగా బంగారమయ్యాయి. ఆ పత్తిని సముద్రానికి చేర్చే దారి కోసం మాంచెస్టర్ వ్యాపారులు లండన్ ప్రభుత్వాన్ని ఊదరగొట్టారు. అంతకు ముందే, 1860లో, నిజాం చేతిలోని గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు బ్రిటిష్ పాలనలోకి వచ్చి, సిరొంచ ముఖ్యపట్టణంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. మధ్యపరగణాల చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ స్వయంగా నది వెంట తిరిగి నివేదిక రాశాడు. అడవి నడిబొడ్డున దుమ్ముగూడెం పనివాళ్ల ఊరైంది. సామగ్రి మోస్తూ స్టీమర్లు, పడవలు తిరిగాయి. కోయగూడేల పిల్లలు రైలు పేరు వినకముందే ఆవిరి కూత విన్నారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ ఆనకట్ట రాళ్లు ఎవరు మోశారు? మైదానం నుంచి వచ్చిన కూలీలు, రాతిపనివాళ్లు. మన్యం జ్వరం సంగతి ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. వాన వెలిసిన నెలల్లో అడవిలోకి అడుగుపెట్టిన బయటివాణ్ణి అది కొరుక్కుతింటుంది. కలరా సరేసరి. ఏడాదిలో పని సాగే నెలలే తక్కువ. వరద దిగాక మొదలుపెట్టి, మళ్లీ వరద వచ్చేలోపు ముగించాలి. ఆ కొద్ది నెలల్లో సగం జ్వరం తినేసేది. హేగ్ ఈ లెక్కతో ఏళ్ల తరబడి పోరాడాడు. దుమ్ముగూడెం దగ్గర అడ్డుకట్ట లేచింది. కాలువ, లాకులు లేచాయి. పైన ఇంకో రెండు అడ్డంకులు ఎదురు చూస్తున్నాయి.

అవతల, బొంబాయి నుంచి బయల్దేరిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1867లో నాగపూరు చేరింది.

నా దృష్టిలో కథ అక్కడే ముగిసింది. మిగతా నాలుగేళ్లూ కొనఊపిరి. పత్తి బేళ్లు వాన కోసం, వరద కోసం ఆగకుండా నేరుగా బొంబాయి ఓడలకు పోసాగాయి. అమెరికా యుద్ధం అప్పటికే ముగిసి, మాంచెస్టర్ ఆకలి తీరిపోయింది. మూడు అడ్డంకులూ దాటినా, వాటి మధ్య నదిలో ఎండాకాలం పడవకు చాలినంత నీరు ఉండదన్న మాట గట్టిపడింది. ఈ మాటలో నిజముంది, కాటన్‌ను ఎంత ప్రేమించినా అది ఒప్పుకోవాలి. లక్షల రూపాయలు ఖర్చయ్యాక, 1871లో పని ఆపెయ్యమన్నారు. కట్టింది కట్టినట్టే, తవ్వింది తవ్వినట్టే వదిలేశారు. మూడేళ్లకు, 1874లో, భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. నది కోసం కూర్చిన జిల్లా చీలిపోయింది.

హేగ్ ఆ తర్వాత జనరల్ హోదా దాకా ఎదిగాడు. మతప్రచారం మీద మనసు పెట్టి, 1886లో ఎర్రసముద్రపు ఒడ్డుల్లో, అరేబియా తీరాల్లో తిరిగాడు. పడవదారి కలగన్న మనిషి చివరికి నదుల్లేని దేశంలో తిరిగాడన్న సంగతి చదివిన నాడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. దుమ్ముగూడెంలో ఆయన చొరవతో మొదలైన మిషన్ మాత్రం మిగిలింది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయల గురించి రాసిపెట్టిన సంగతులే తర్వాత దక్షిణాది కులాలు, తెగల మీద థర్‌స్టన్ వేసిన గ్రంథంలోకి చేరాయి. ఆడవాళ్లు అల్లిన దుమ్ముగూడెం లేసు పేరు తెచ్చుకుంది. ఆవిరి పోయింది, సూదీ దారం నిలిచాయి.

విధి ఇంకో మెలిక పెట్టింది. నదిదారి చచ్చిపోయిన ఆ 1871లోనే, భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. భద్రాచలం పోయే యాత్రికులు నల్లరాళ్లు పొయ్యిరాళ్లుగా పెడితే అవే అంటుకున్నాయని, అలా బయటపడిందని ఇల్లెందులో కథగా చెప్తారు. ఆ బొగ్గు కోసమే డోర్నకల్ నుంచి పట్టాలు వచ్చాయి. సింగరేణి లేచింది. తర్వాత కొత్తగూడెం దాకా పొగబండి వచ్చింది. ఆ స్టేషనుకు పెట్టిన పేరు భద్రాచలం రోడ్. రాముడి గుడి అక్కడికి నలభై కిలోమీటర్ల అవతల, గోదావరి దాటాక. స్టీమరు మీద రాముడి ఒడ్డుకే దిగాల్సిన యాత్రికుడు ఆ బోర్డు కింద దిగి, బస్సు వెతుక్కుంటూనే ఉన్నాడు.

గెలిచిన పొగబండి మాత్రం శాశ్వతమా? నూరేళ్లు తిరిగేసరికి దాని వంతూ వచ్చింది. 1970లో చిత్తరంజన్ కర్మాగారం చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజన్ తయారుచేసి, దానికి 'అంతిమ్ సితారా' అని పేరు పెట్టింది. అయితే పొగబండికి ఏడ్చేవాళ్లు దొరికారు. ఇంగ్లండులో టామ్ రోల్ట్ అనే రచయిత ఉండేవాడు. వేల్స్‌లో పలకరాయి మోసే తాలిక్లిన్ అనే బుల్లి రైలుమార్గం మూతపడబోతుంటే స్నేహితుల్ని కూడగట్టి, 1951 నుంచి సొంత చేతులతో నడిపించాడు. ఔత్సాహికులు కాపాడుకున్న రైళ్లలో ప్రపంచానికి అదే మొదటిది. హేగ్ దుమ్ముగూడెంలో రాళ్లు పేర్పిస్తున్న 1860లలోనే ఆ మార్గం పుట్టింది. మన దేశంలో మైఖేల్ సాటో అనే ఆంగ్లేయుడు షెడ్లలో, సంస్థానాల్లో తుప్పుపడుతున్న ఇంజన్ల కోసం ఊరూరా తిరిగి రైల్వే శాఖను కదిలించాడు. 1977లో ఢిల్లీలో రైలు మ్యూజియం తెరుచుకుంది. 1855లో తయారైన ఫెయిరీ క్వీన్ 1997లో మళ్లీ పట్టాలెక్కి ఢిల్లీ నుంచి అల్వార్ దాకా యాత్రికుల్ని తీసుకుపోయింది.

ఆ రోల్ట్ రైళ్ల కన్నా ముందు కాపాడబూనింది కాలువల్ని. పాత సరుకు పడవలో కాపురముండి, పూడిపోతున్న ఇంగ్లండు కాలువల మీద పుస్తకం రాసి, 1946లో వాటి కోసం సంఘం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. లాకు తలుపు విలువా, ఇంజన్ విలువా ఒకే మనసుతో తూచగలిగిన అలాంటి మనిషి దుమ్ముగూడేనికి దొరకలేదు. ఇది నా బాధ. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, ఆనకట్ట కట్టిన నాటి యంత్రాలు అక్కడ కంటికి కనిపిస్తాయి. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయినా, దాన్ని తుక్కు కానివ్వద్దని ఊరు పట్టుబట్టింది. గెలుపు గుర్తులకు కాపలా ఉంది. ఓడిన చోట మాత్రం ఇది ఫలానా అని చెప్పే పలక ఒక్కటి చాలునంటాను నేను.

కాటన్ కళ్ల ముందున్న ఆ పటం మాత్రం ఇంకా కదులుతూనే ఉంది. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరి ఉంది. 2024 ఆగస్టులో మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా కొత్త రైలుమార్గానికి కేంద్రం ఆమోదం తెలిపింది. దుమ్ముగూడెం పాత ఆనకట్టకు కాస్త దిగువనే సీతమ్మసాగర్ బ్యారేజీ పని మొదలైంది. యంత్రాలు ఎంత ఎత్తున లేస్తాయో పాత రాయి అంత కిందికి కనిపిస్తుంది.

పర్ణశాల నుంచి తిరిగి వస్తూ ఆ రాళ్ల దగ్గర దిగాను. మధ్యాహ్నం తిరిగింది. చుట్టూ ఎవరూ లేరు, రాళ్ల మీంచి దూకే నీళ్ల చప్పుడొకటే. ఎండకు పాలిపోయి రాళ్లన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఏది నది పెట్టిందో, ఏది మనిషి పెట్టాడో తెలియలేదు. సంచిలోంచి సీసా తీసి, పక్కనున్న రాయి మీద మిగిలిన నీళ్లు పోశాను. తడి పాకుతుంటే ఉలి గాట్లు ఒక్కొక్కటే తేలాయి, వరసగా, చేతి ఒడుపు తెలిసేంత దగ్గర దగ్గరగా. అవి ఆరిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.