కో-ఆప్ విద్య: సంస్థల దృక్పథం

విశ్వవిద్యాలయ చదువు మధ్యలో విద్యార్థిని విడతలవారీగా జీతంతో కూడిన పనికి పంపే పద్ధతి కో-ఆప్ విద్య. దీని పుట్టుకపై ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లో సండర్లాండ్ సాంకేతిక కళాశాల 1903లో నడిపిన, చదువు మధ్యలో పని విడతలుండే శాండ్‌విచ్ కోర్సే ముందుదని కొందరంటారు. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ ప్రారంభించిన పథకాన్ని ఎక్కువమంది తొలిదిగా లెక్కిస్తారు. తర్వాతి విశ్వవిద్యాలయాలు అనుసరించిన నమూనా అదే కాబట్టి ఈ రెండో వాదనకే మొగ్గు చూపవచ్చు. ష్నైడర్ తొలి బ్యాచ్‌లో 27 మంది ఉన్నారు. ఇద్దరిద్దరిని జత చేసి, ఒకరు వారంపాటు తరగతిలో ఉంటే మరొకరు కార్ఖానాలో పనిచేసేలా, మరుసటి వారం చోట్లు మారేలా ఏర్పాటు చేశారు. దీంతో కార్ఖానాలో ఆ పని ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. యజమాని విద్యార్థిని అతిథిగా కాక పనివాడిగా చూడటానికి వీలు కల్పించింది ఈ కొనసాగింపే.

యజమానులు విద్యార్థులను తీసుకోవడం దాతృత్వంతో కాదు, రేపటి ఉద్యోగిని ముందుగా పరీక్షించుకోవడానికి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం ఉదాహరణ దీన్ని స్పష్టం చేస్తుంది. బి.ఎఫ్. గుడ్‌రిచ్ కెనడా అధిపతి ఐరా నీడిల్స్ 1956లో ఇంజనీర్ల కొరతను ఎత్తిచూపుతూ కో-ఆప్ పద్ధతిని ప్రతిపాదించారు. మరుసటి ఏడాది సుమారు 75 మంది విద్యార్థులతో అక్కడ తరగతులు మొదలయ్యాయి. అంటే ఇక్కడ యజమాని కేవలం అభిప్రాయం చెప్పినవాడు కాదు, పథకాన్ని రూపొందించినవారిలో ఒకడు. విద్యార్థి పని నేర్చుకునే తొలి వారాల్లో సంస్థకు ఖర్చే ఎక్కువ. ఆ ఖర్చు తిరిగి రావాలంటే అతను తగినంత కాలం ఉండాలి, లేదా మళ్లీ రావాలి. బిట్స్ పిలానీ 1973లో చేపట్టిన ప్రాక్టీస్ స్కూల్‌లో రెండో ఏడాది తర్వాత రెండు నెలల విడత, చివర్లో సుమారు అయిదున్నర నెలల విడత ఉండటంలో ఈ తర్కమే కనిపిస్తుంది.

కో-ఆప్ పద్ధతి చవక కూలీ కోసం వేసిన ఎత్తుగడ అన్న ఆక్షేపణ తోసిపుచ్చదగింది కాదు. అయితే ఆ ప్రమాదం జీతం, పర్యవేక్షణ లేని చోటే ఎక్కువ. జీతమిచ్చే సంస్థకు ఆ డబ్బుకు తగిన పని నేర్పించుకోవాలన్న పట్టుదల ఉంటుంది. చదువు యజమాని చెప్పుచేతల్లోకి పోతుందన్న భయానికి సమాధానం, మూల్యాంకనం అధ్యాపకుల చేతిలో ఉండటమే. చిన్న సంస్థల ఇబ్బంది మాత్రం నిజమైనది, విద్యార్థి పక్కన నిలబడి నేర్పే మనిషి అక్కడ తరచూ దొరకడు. మూడేళ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చిన ఆంధ్రప్రదేశ్‌లోనూ నెలల లెక్కతో పాటు నేర్పే మనిషి లెక్క కూడా చూడాలి. ధ్రువపత్రం ఎవరైనా ఇస్తారు. అదే విద్యార్థిని మళ్లీ పిలిచిన సంస్థ మాటనే నమ్మదగిన సాక్ష్యంగా తీసుకోవాలి.