మూగజీవాల ముసలితనం

మా ఇంట ఒక ముసలి కుక్క ఉన్నది. దానికి పదునాలుగేండ్లు నిండినవి. చూపు మందగించినది, వెనుకకాళ్లలో పట్టు తప్పినది. తెల్లవారగానే దాని పొట్ట క్రింద తువ్వాలు చేర్చి, ఎత్తి, గడప దాటించి, ఎండ పడేచోట కూర్చోబెట్టడం నా దినచర్యలో మొదటి పని. అన్నం మెత్తగా పిసికి నోటి దగ్గర పెట్టవలె. రాత్రివేళ అది దారి తోచక మూలిగితే లేచి పలుకరించవలె. ఒకనాడు పొరుగింటి పెద్దమనిషి ఈ తతంగమంతా చూచి, "కాపలాకు పనికిరాదు, పిలిస్తే వినిపించుకోదు. ఇంకా ఎందుకండీ మీకీ శ్రమ?" అన్నారు. ఆయన క్రూరుడు కాడు. వేసవి రాగానే మా వీధిలో అందరికంటె ముందు పక్షులకు నీళ్లు పెట్టేది ఆయనే. ఆయన ప్రశ్నకు నేనప్పుడు సమాధానం చెప్పలేక, నవ్వి ఊరకున్నాను.

తరువాత ఆలోచించగా ఆ ప్రశ్న మా కుక్కకు మాత్రమే సంబంధించినది కాదనిపించినది. పని తీరిన జంతువునకు మనుష్యుడు ఏమి ఋణపడి ఉన్నాడు? దుక్కి దున్నిన ఎద్దు, పాలిచ్చిన ఆవు, యుద్ధంలో రౌతును మోసిన గుఱ్ఱం, ఇల్లు కాచిన కుక్క, ఇవన్నీ ఈ దేశంలో తరతరాలుగా మన కండ్లయెదుటనే ముదిసినవి. వాటికి చివరిదినాలలో మేత పెట్టినవారెవరు? విడిచిపెట్టినవారెవరు? చరిత్ర గ్రంథాలు రాజులనూ రణాలనూ వర్ణించినంత విస్తారంగా ఈ సంగతిని వర్ణించవు. ఐనా వెదకితే శాస్త్రాలలో, శాసనాలలో, కథలలో, యాత్రికుల లేఖలలో కొన్ని జాడలు కనబడుతున్నవి.

మొదట కౌటిల్యుని అర్థశాస్త్రం చూద్దాము. కరుణకు పేరుపొందిన గ్రంథం కాదది. చచ్చిన పశువు చర్మాన్ని సైతం గోపాలకుడు లెక్క ఒప్పచెప్పవలెనని శాసించిన గ్రంథం. అటువంటి గ్రంథమే లేగలకూ, ముసలి పశువులకూ, రోగం వచ్చినవాటికీ చికిత్స చేయించవలసిన బాధ్యత గోపాలకులదేనని చెప్పినది. మందను పంచి ఇచ్చేటప్పుడు పాడి ఆవులతోపాటు ముసలి ఆవులను కూడ సమానసంఖ్యలో చేర్చినది. మంచివాటిని తీసుకొని ముసలివాటిని వదలివేసే వీలు ఇందులో లేదు. అశ్వాధ్యక్షుని విధులు చెప్పిన చోట మరొక ముక్క ఉన్నది. యుద్ధంచేతనో, వ్యాధిచేతనో, ముసలితనంచేతనో పనికి చెడిన గుఱ్ఱాలకు తిండి మాత్రం పెట్టి పోషించవలెనట. దీనికి హేతువు దయయో, రాజ్యతంత్రమో గ్రంథకర్త చెప్పలేదు. హేతువు ఏదైనా, ముసలి గుఱ్ఱానికి రాజు ధాన్యాగారంలో ఒక వంతు ఏర్పడినది. అది ఒకరి మనసు కరిగినప్పుడు వేసే భిక్ష కాదు. దినదినం లెక్కలో వ్రాయవలసిన వ్యయం.

క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దిలో అశోకుడు తన రెండవ శిలాశాసనంలో మనుష్యులకూ పశువులకూ వేరువేరుగా చికిత్సలు ఏర్పాటు చేసినాననీ, ఓషధులు దొరకని చోట్ల తెప్పించి నాటించినాననీ, దారులవెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించినాననీ ప్రకటించుకొన్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద తెలుగువారు ఆ శాసనాన్ని నేటికీ చూడవచ్చును. అందులో ముసలి పశువు ప్రసక్తి ప్రత్యేకంగా లేదు. కాని రోగం వచ్చిన పశువు కూడ రాజు బాధ్యతలోనిదేనని ఒక చక్రవర్తి రాతిమీద చెక్కించడం చిన్న సంగతి కాదు.

శాస్త్రంలో నియమం ఉన్నంతమాత్రాన అది ఆచరణలో ఉన్నదని అనుకోరాదు. ఆ నియమాన్ని మరచిన రాజు కథ పాలీ జాతకాలలో ఉన్నది. అది 409వది, దళ్హధమ్మ జాతకం. ఒక ఆడ ఏనుగు రాజుకోసం ఒక్కదినంలో ఎంతో దూరం ప్రయాణించి వార్తలు మోసినది. యుద్ధంలో శత్రువులను చెదరగొట్టినది. రాజు దానికి సకల గౌరవాలూ చేసినాడు. అది ముదిసినది. గౌరవాలన్నీ తీసివేసినాడు. దిక్కులేక అడవిలో గడ్డీ ఆకులూ తిని బ్రతికినది. ఒకనాడు కుండలు కావలసివచ్చి కుమ్మరిని పిలిపిస్తే, పేడ తోలడానికి బండికి కట్టే ఎద్దులు లేవన్నాడు. రాజు ఈ ఏనుగును అతనికి ఇచ్చివేసినాడు. యుద్ధభూమిని చూచిన ఏనుగు పేడబండి లాగినది. చివరకు బోధిసత్త్వుని కాళ్లపై పడి మొరపెట్టుకొన్నది. ఆయన వెళ్లి రాజుకు జరిగినదంతా జ్ఞాపకం చేసినాడు. చేసిన మేలు మరచినవానికి మేలు కలుగదన్నది ఆయన ఉపదేశ సారం. రాజు సిగ్గుపడి పూర్వపు గౌరవాలు తిరిగి చేసినాడు. కౌశాంబిలో ఉదయనుడు భద్దవతిక అను ముసలి ఏనుగును ఉపేక్షించినప్పుడు బుద్ధుడు ఈ కథ చెప్పినాడని జాతకం అంటున్నది. ఉజ్జయినినుంచి వాసవదత్తతో ఉదయనుడు తప్పించుకొనిపోయినది అదే పేరుగల ఏనుగు మీదనేనని కథలు చెబుతున్నవి. ప్రణయకథ అందరికీ తెలుసును. ఏనుగు ముసలితనం కొందరికే తెలుసును.

ఈ కథలో నన్ను ఆకర్షించినది ఒక్క మాట. రాజు ఆ ఏనుగును కొట్టలేదు, చంపలేదు. మరచినాడు, అంతే. కృతజ్ఞుడనగా చేసినదానిని ఎరిగినవాడని అర్థం. కృతఘ్నత అనగానే మనకు ద్రోహం తోస్తుంది. కాని చాలచోట్ల అది మరపు రూపంలోనే వస్తుంది. పంచతంత్రపు మొదటి కథ కూడ ఇట్టిదే. బండి లాగుతూ కాలు విరిగిన సంజీవకమను ఎద్దును వర్తకుడు అడవిలో కాపరులకు అప్పగించి తన దారిన పోయినాడు. కాపరులు భయపడి, ఎద్దు చచ్చినదని అబద్ధమాడి అతనిని కలుసుకొన్నారు. వర్తకుడు నమ్మినాడు. నమ్మడం అతనికి సులువైనది.

మహాభారతం తీసుకొనండి. నన్నయ ఆదిపర్వంలో, నిష్కారణంగా దెబ్బలు తిన్న తన బిడ్డకోసం దేవశునకమైన సరమ జనమేజయుని సభకు వచ్చి నిలదీసినది. తిక్కన మహాప్రస్థానిక పర్వంలో ఒక కుక్క ధర్మరాజు వెంట నడచినది. తమ్ములూ ద్రౌపదీ దారిలో పడిపోయినారు. కుక్క మాత్రం నిలిచినది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కలు గలవారికి స్వర్గంలో చోటులేదన్నాడు. నమ్మి వెంటవచ్చినదానిని విడిచి నాకు స్వర్గం అక్కరలేదని ధర్మరాజు నిరాకరించినాడు. కుక్కను అశుచిగా ఎంచిన సమాజమే ఈ కథను తరతరాలుగా చెప్పుకొన్నది. ఆ కుక్క ధర్మదేవతయని తరువాత తెలిసినది నిజమే. కాని నిరాకరించిన క్షణంలో ధర్మరాజుకు ఆ సంగతి తెలియదు. అతని కంటికి అది ఉత్త కుక్క.

కథలను విడిచి రాతిమీది మాటకు వద్దాము. నేటి కర్ణాటకంలోని మండ్య జిల్లాలో ఆతకూరు అను గ్రామం ఉన్నది. అక్కడ పదవ శతాబ్ది మధ్యభాగపు కన్నడ వీరశిల ఒకటి దొరికినది. రాష్ట్రకూట మూడవ కృష్ణుడు తక్కోలంలో చోళులను జయించిన కాలమది. కృష్ణుని పక్షాన పోరాడిన గంగరాజు బూతుగుడు, మణలెరుడను తన వీరునికి కాళి అను వేటకుక్కను బహూకరించినాడు. ఆ కుక్క ఒక అడవిపందిని ఎదిరించినది. పోరాటంలో రెండూ మరణించినవి. మణలెరుడు తన కుక్కకోసం గుడియెదుట శిల నిలిపి, దాని పూజకు భూమి ఇచ్చినాడు. ఆ భూమిని అనుభవించే పూజారి శిలను అర్చింపక భుజించినచో పాపం పొందుతాడని కూడ చెక్కించినాడు. కాళికి ముసలితనం రాలేదు. ఐనా ఇక్కడ గమనించవలసినది ఆ చివరి షరతు. కృతజ్ఞత ఏడాదికొక ఉత్సవంగా కాదు, ప్రతిదినం అన్నానికి ముందు జ్ఞాపకం చేసుకొనవలసిన పనిగా నియమించబడినది.

వీరులకూ రాజులకూ ఇది సాధ్యమే. సామాన్యుల మాటేమిటి? దానికి గుజరాతులోని ఖంభాతు సమాధానం చెబుతున్నది. 1580 ప్రాంతాలలో వచ్చిన ఆంగ్ల వర్తకుడు రాల్ఫ్ ఫిచ్, అక్కడివారు కుంటి కుక్కలకూ పిల్లులకూ పక్షులకూ వైద్యశాలలు నడుపుతున్నారని వ్రాసినాడు. 1623లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే ఆ వైద్యశాలలను స్వయంగా చూచినాడు. పక్షుల వైద్యశాలలో తెల్లగడ్డపు వృద్ధుడొకడు ముక్కుమీద కళ్లజోడు పెట్టుకొని, తల్లిలేని ఎలుకపిల్లలకు పక్షి ఈకతో పాలు పడుతున్నాడట. ఊరిబయట మరొక సాలలో కాళ్లు విరిగినవి, చిక్కిపోయినవి, బాగా ముసలివైనవి అగు ఆవులూ దూడలూ ఉన్నవట. వాటి మధ్యనే, శిక్షగా రెండు చేతులూ నరకబడిన దొంగ ఒకడు ఆశ్రయం పొందుతున్నాడట. ఈ చివరి సంగతి మరువరానిది. పనికిరానివని లోకం త్రోసివేసిన పశువులను చేర్చుకొన్న చోటనే, పనికిరాడని లోకం త్రోసివేసిన మనుష్యునికి కూడ చోటు దొరికినది.

పింజరాపోలు అని పిలువబడే ఈ సంస్థలు పశ్చిమ భారతంలో జైన, వైష్ణవ వర్తకుల విరాళాలతో వర్ధిల్లినవి. బొంబాయిలో 1832 జూనులో పోలీసులు వీధికుక్కలను చంపబూనగా, కుక్కను పవిత్రంగా భావించే పారసీకులు తిరుగబడినారు, అల్లర్లు జరిగినవి. 1834లో జంషెట్జీ జీజీభాయి, జైన వర్తకులతో కలిసి ఆ నగరంలో పింజరాపోలు స్థాపించినాడు. పారసీకుల నమ్మకమూ జైనుల అహింసా ఒకే దొడ్డికి చేరినవి. భులేశ్వర్‌లో ఆ సంస్థ నేటికీ ఉన్నది.

ఐతే ఈ సంస్థల చరిత్ర అంతా పుణ్యచరిత్ర కాదు. మేత చాలక, స్థలం చాలక పశువులు నానాబాధలు పడిన పింజరాపోళ్లు కూడ ఉన్నవి. గాంధీజీ వాటి నిర్వహణను పలుమార్లు విమర్శించినాడు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ మానని వ్యాధితో యాతన పడుతుండగా, వైద్యులు ఆశ వదలుకొన్న మీదట, గాంధీజీ తాను దగ్గర ఉండి దానికి మందుసూదితో మరణం ఇప్పించినాడు. దేశమంతటినుంచి ఆగ్రహంతో ఉత్తరాలు వచ్చినవి. ఆ నిర్ణయం ఒప్పో తప్పో నేటికీ వాదించేవారున్నారు. నేను తీర్పు చెప్పబోను. కాని పశువును కండ్లయెదుటనుంచి తప్పించి, అది ఎట్లా చచ్చినదో తెలియకుండ ఉండడంలోని సులువును ఆయన కోరుకొనలేదు. ప్రక్కన నిలిచినాడు.

స్వతంత్ర భారతంలో రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రారంభించిన కృషి ఫలితంగా 1960లో జంతుహింసా నివారణ చట్టం వచ్చినది; 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. సరియైన కారణం లేక జంతువును ఆకలిదప్పులకు గురియయ్యేటట్లు విడిచిపెట్టడం ఈ చట్టం క్రింద నేరం. సంజీవకాన్ని అడవిలో వదలిన వర్తకుడు నేడు శిక్షార్హుడు కావచ్చును. 1976లో రాజ్యాంగానికి చేర్చిన పౌరవిధులలో ప్రాణులయెడ దయ కూడ ఒకటి. చట్టం విడువవద్దని మాత్రమే చెప్పగలదు. ఎట్లా ఉంచుకొనవలెనో చెప్పలేదు.

ఈ జాడలన్నీ ఒకచోట చేర్చి చూస్తే నాకొక భేదం కనబడినది. ఖంభాతులోని వృద్ధునికి ఎలుకపిల్లలు ఏ మేలూ చేయలేదు. అతనిది దయ. దయను సంస్థకు అప్పగించవచ్చును, చందా వేయవచ్చును, మన బదులు మరొకరు చేసినా అది దయయే. ధర్మరాజుది వేరు. ఆ కుక్క అతని వెంట వచ్చినది. దళ్హధమ్మ రాజు ఏనుగు అతనికోసం యుద్ధం చేసినది. చేసినదానిని ఎరిగినవాడే తీర్చవలసిన ఋణమది. దయ చూపే ఇండ్లు మనం చాల కట్టినాము. కృతజ్ఞతకు మాత్రం ఎవరి గడప వారిదే.

పొరుగింటి పెద్దమనిషికి ఇప్పుడు నా సమాధానం ఇది. ఈ కుక్క పండ్రెండేండ్లు మా వాకిట మేలుకొని ఉండగా మేము నిద్రపోయినాము. ఆ నిద్ర ఎంత విలువైనదో దాని మూలుగుకు నేను అర్ధరాత్రి లేచినప్పుడు మొదటిసారి తెలిసినది. సేవ చేయడంవలన ఋణం తీరుతుందని నేననుకొన్నాను; తీరలేదు, ఎంత ఉన్నదో తెలియవచ్చినది. అన్నం పిసికే ఆ కొద్దిసేపు నేను మరి దేనినిగురించీ తొందరపడను. మా ఇంటిలో ఎవరు ఎవరికి ఏమి చేసినారో, అడగకుండ ఎవరు ఏమి చేస్తున్నారో కూడ ఆ కొద్దిసేపటిలోనే నాకు తోస్తూ ఉంటుంది.

ఈ ఉదయం కూడ దానిని ఎండలో కూర్చోబెట్టినాను. అడుగుల చప్పుడు విని తోక ఒక్కసారి నేలమీద కొట్టినది. పెద్దమనిషి గోడప్రక్కన నిలిచి చూస్తున్నారు. ఆయన నన్నేమీ అడుగలేదు. లోనికి వెళ్లి, నిన్నటి పాత గోనెపట్టా ఒకటి తెచ్చి, దాని క్రింద పరవమని నా చేతికిచ్చినారు.