పాత కార్ల వైద్యులు: ఉప్పల్, నాచారం షెడ్ల ముచ్చట

చరిత్ర అనగానే మనకు కోటలు, రాజులు గుర్తుకు వస్తారు. ఉప్పల్, నాచారం వీధుల్లో రేకుల షెడ్ల కింద కూడా కొంత చరిత్ర నడిచింది. ఆఫీసు వాహనాల లాగ్ బుక్కులు, రిపేరు బిల్లుల ఫైళ్ళు చాలా ఏళ్ళు చూసిన గుమాస్తాగా నాకు తెలిసినంత మేరకు దానిని సభ్య మిత్రులకు విన్నవించుకుంటున్నాను.

1980ల ఆరంభం వరకు మన రోడ్ల మీద ప్రధానంగా కనిపించినవి మూడు రకాల కార్లు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. ఫియట్‌కే 1974 ప్రాంతంలో ప్రీమియర్ పద్మిని అని పేరు మారింది. పర్మిట్ల రోజులవి. కొత్త కారుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అందుచేత ఉన్న బండినే ఇరవై, ముప్పై ఏళ్ళు కాపాడుకునేవారు. ఆ భారమంతా మెకానిక్కు మీదే ఉండేది.

మన ప్రాంతంలో ఈ పనితనానికి పునాది పాతదే. 1932 జూన్‌లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1958 జనవరి 11న అది ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీగా రూపొందింది. తర్వాతి కాలంలో ఉప్పల్‌లో ఆర్టీసీ జోనల్ వర్క్‌షాప్ వచ్చింది. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో లేత్ మిషన్లు వచ్చాయి. బజారులో దొరకని బుష్‌ను లేత్ మీద తిప్పించుకుని బండికి బిగించే వీలు కలిగింది. 1961 అప్రెంటిస్‌ల చట్టం వచ్చాక ఐటిఐ కుర్రవాళ్ళకు వర్క్‌షాపుల్లో శిక్షణ దొరికింది.

అయితే ఎక్కువమంది నేర్చుకున్నది షెడ్డులో ఉస్తాద్ దగ్గరే. కుర్రవాడు మొదట కిరోసిన్‌లో సామాన్లు కడిగేవాడు, అడిగిన పానా అందించేవాడు. కొన్నేళ్ళకు గాని ఇంజను మీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. పాఠ్యపుస్తకం లేదు, సర్టిఫికెట్టు లేదు. బడిలో ఉండవలసిన వయసు పిల్లలు కూడా అందులో ఉండేవారన్నది దాచవలసిన మాట కాదు.

వారి విద్య చెవిలో, వేళ్ళలో ఉండేది. స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజను మీద ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని ఏ టాపెట్ చప్పుడు చేస్తున్నదో చెప్పేవారు. స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే రోగం తెలిసేది. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, తెల్లగా ఉంటే తక్కువ అందుతున్నట్టు, ఇటుక రంగులో ఉంటే సరిగా ఉన్నట్టు. అంబాసిడర్ డిస్ట్రిబ్యూటరులో పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో వెయ్యింట 15 వంతులు ఉండాలి. అది తప్పితే బండి మొరాయిస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1980లలో మా ఆఫీసు అంబాసిడర్‌కు ఉప్పల్‌లో ఒక ఉస్తాద్ రిపేరు చేశాడు. కార్బురేటర్ శుభ్రం చేసి, టైమింగ్ సరిచేసి, లేబర్ చార్జీ 60 రూపాయలని బిల్లు ఇచ్చాడు. బిల్లులో ఒక్క స్పేరు పార్టు పేరు కూడా లేదు. ‘సామాను మార్చనందున లేబర్ అధికము’ అని నోట్ రాసి 25 రూపాయలకు తగ్గించాను. ఆయన ఆఫీసుకు వచ్చి, “సార్, పార్టు మారిస్తే బిల్లు మొత్తం పాసయ్యేది. మార్చకుండ మంచిగ చేసిన. దానికి కోతనా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఆయన మా బండి ముట్టుకోలేదు. మా రిజిస్టర్లలో సామానుకు కాలమ్ ఉంది గాని పనితనానికి లేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 2000 ప్రాంతంలో కొత్త కార్లలో కార్బురేటర్ పోయి, కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే పద్ధతి వచ్చింది. పొగ తగ్గింది, మంచిదే. పద్మిని తయారీ ఆ రోజుల్లోనే ఆగింది. 2014 మే నెలలో అంబాసిడర్ కూడా ఆగిపోయింది. షెడ్డు కుర్రవాళ్ళు కంపెనీ సర్వీస్ సెంటర్లకు వెళ్ళిపోయారు.

పదిహేనేళ్ళు దాటిన కారుకు అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఆ ఏడాది నా 1992 మోడలు పద్మినికి గడువు వచ్చింది. బండి నల్లగా పొగ వదులుతున్నది. ఉప్పల్‌లో మూడు షెడ్లు తిరిగాను. స్కానరు పెట్టే చోటు లేని బండికి ఏం చేయాలో తోచక, అక్కడి కుర్రవాళ్ళు మర్యాదగానే తిప్పి పంపారు.

చివరికి నాచారంలో ఒక సందు చివర అరవై దాటిన మనిషి దొరికాడు. ప్లగ్గు విప్పి చూశాడు, కార్బురేటర్ దింపి కడిగాడు, జెట్లు ఊది బిగించాడు. రెండు గంటల్లో పొగ పోయింది. పార్టు ఒక్కటీ మార్చలేదు. లేబర్ 1,200 రూపాయలు అన్నాడు. ఈసారి కోత పెట్టే అధికారం నాకు లేదు, మనసూ లేదు. ఇంకో మూడు వందలు కలిపి ఇచ్చాను. “ఈ పని నేర్చుకునేటోడు ఎవడూ వస్తలేడు సార్, నాతోనే ఆఖరు” అన్నాడు.

క్యూబా దేశంలో 1960లలో అమెరికా నుంచి కార్లు, విడిభాగాలు రావడం ఆగిపోయినా, 1950ల నాటి కార్లు నేటికీ తిరుగుతున్నాయి. అక్కడి మెకానిక్కులు సామాను తామే చేసుకుంటూ, ఆ విద్యను తరువాతి వారికి అందించారు. ఇనుముకు ఆయుష్షు పోసేది మనిషి చెయ్యే.

మన సంఘంలో ఆఫీసు డ్రైవర్లుగా, ఆర్టీసీ వర్క్‌షాపు ఉద్యోగులుగా పనిచేసి రిటైరైన వారు ఉన్నారు. మీకు తెలిసిన పాత మెకానిక్కుల షెడ్లు ఎక్కడున్నాయో, మీరు నేర్చుకున్న కిటుకులు ఏమిటో రాసి సంఘం కార్యాలయానికి పంపవలసిందిగా ప్రార్థన. ఆ జాబితా నేనే సాపుగా రాసి పెడతాను. అందులో పనితనానికి కూడా ఒక కాలమ్ ఉంటుందని మనవి.